నంబరు లేని వెయిటింగ్ లిస్టు

2023 వేసవి నుంచి మరుసటి ఏడాది వేసవి దాకా మా ఇంట్లో అందరూ పదే పదే తెరిచి చూసిన పత్రం ఒకటుంది. దాని పేరు కామన్ డేటా సెట్. అమెరికాలో చాలా కాలేజీలు ఏటా దీన్ని తమ వెబ్‌సైటులో పెడతాయి. ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి సీటు ఇచ్చారు, చివరికి ఎంతమంది చేరారు అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. మా అమ్మాయి పన్నెండో తరగతిలోకి రాబోతుండగా స్కూలు కౌన్సెలర్ తల్లిదండ్రులను పిలిచి కూర్చోబెట్టి, అందులో సీ7 అనే పట్టిక తప్పక చూడమన్నారు. మార్కులు, పరీక్షల స్కోర్లు, వ్యాసాలు, సిఫారసు ఉత్తరాలు అన్నీ వరుసగా రాసి, దేనికి ఎంత విలువ ఇస్తారో చెప్పే పట్టిక అది. దాని అట్టడుగున ‘దరఖాస్తుదారుకు ఉన్న ఆసక్తి’ అని ఒక వరుస. ఎదురుగా నాలుగు గళ్లు: చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం.

నేను ఎంసెట్ ర్యాంకుతో ఇంజినీరింగులో చేరినదాన్ని. నా ముందు ర్యాంకుల వారు తీసుకోగా మిగిలిన సీట్లు చూసి, నాన్నగారితో రెండు మాటలు గుసగుసగా మాట్లాడి ఒకటి ఎంచుకున్నాను. మా కాలేజీకే ఎందుకు రావాలనుకుంటున్నావని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, ర్యాంకు ఇక్కడిదాకానే వచ్చిందండీ అని తప్ప నా దగ్గర జవాబు లేదు. అలాంటి నాకు, పదిహేడేళ్ల పిల్ల ఒక కాలేజీ మీద ఎంత మనసు పడిందో ఆ కాలేజీ లెక్క రాసుకుంటుందని వింటే నవ్వు వచ్చింది.

వారి వైపు నుంచి చూస్తే అందులో అర్థం లేకపోలేదు. వెయ్యి మందికి హాస్టల్ గదులున్న కాలేజీ, ఎంతమందికి సీటు ఇస్తే సుమారు వెయ్యి మంది చేరతారో ముందే ఊహించాలి. ఎక్కువమంది వస్తే గదులు చాలవు, తక్కువమంది వస్తే ఆదాయం చాలదు. కామన్ యాప్ అనే ఒకే దరఖాస్తుతో ఒక్కొక్కరు ఇరవై కాలేజీల దాకా ప్రయత్నించగలిగే రోజుల్లో ఈ ఊహ మరీ కష్టమైపోయింది. సీటు ఇచ్చినవారిలో చేరేవారి శాతాన్ని ఈల్డ్ అంటారు. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ లాంటి చోట్ల అది 80 శాతం దాటుతుంది కాబట్టి వారికి ఈ బెంగ లేదు. వారి సీ7లో ఆ వరుసకు ఎదురుగా ‘పరిగణించం’ అనే ఉంటుంది. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలు కూడా ఆసక్తిని చూడవు. ఆ పై మెట్టుకు కాస్త కింద ఉన్న ప్రైవేటు కాలేజీలకే అనుమానం ఎక్కువ: మంచి స్కోర్లున్న ఈ పిల్ల మమ్మల్ని మూడో ఎంపికగా పెట్టుకుందేమో, సీటు ఇచ్చినా రాదేమో అని.

మావారికి పట్టికలంటే ఇష్టం. మా అమ్మాయి చూస్తున్న ఒక్కొక్క కాలేజీకి సీ7లో ఏముందో, సీ2 అనే మరో పట్టికలో వెయిట్‌లిస్ట్, అంటే సీటు ఖరారు చేయకుండా ఎదురుచూడమన్నవారి జాబితా, లెక్కలేమిటో ఎక్సెల్‌లో ఎక్కించి పెట్టారు. సీ2 గడులను అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

మా అమ్మాయికి ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ చదవాలని కోరిక. మా అత్తగారి ఊరు నల్లగొండ జిల్లాలో ఉంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను సెలవులకు వెళ్లినప్పుడల్లా చూసింది. ఇంటికి తిరిగి వచ్చాక కూడా కుళాయి తిప్పినప్పుడల్లా ఏదో ఒక ప్రశ్న వేసేది. నీటి మీద మంచి ప్రయోగశాల ఉన్న పెన్సిల్వేనియాలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఆమెకు బాగా నచ్చింది. పేరు చెప్పను. సీ7లో వారు ఆసక్తి ‘ముఖ్యం’ అన్న గడిలో టిక్కు పెట్టారు.

మేముండేది ఒహాయోలో, కొలంబస్ శివార్లలో. పిట్స్‌బర్గ్ పక్కన పెన్‌హిల్స్‌లో ఉన్న వేంకటేశ్వరస్వామి గుడికి ఏటా వెళ్తాం. ఆ ఏడాది దర్శనమయ్యాక పులిహోర తిని, అటునుంచి అటే కార్నెగీ మెలన్ ఆవరణ చూడటానికి వెళ్లాం. అక్కడ ఎంతసేపు తిరిగినా లాభం లేదు, నష్టం లేదు. దరఖాస్తుదారు చూపే ఆసక్తిని ఇక లెక్కలోకి తీసుకోబోమని ఆ యూనివర్సిటీ 2018లోనే ప్రకటించింది. ప్రయాణాలకు డబ్బూ తీరికా ఉన్న కుటుంబాల పిల్లలకే ఆ పద్ధతి కలిసివస్తుందని వారు చెప్పిన కారణం. ఆ మాట నాకు నచ్చింది. విమానం టికెట్లు కొనుక్కుని, హోటల్లో దిగి, క్యాంపస్ చూసి వచ్చిన పిల్లకు ఆసక్తి ఉన్నట్టు, శనివారాలు కిరాణా దుకాణంలో పనిచేసే పిల్లకు లేనట్టు లెక్క రాయడం ఏమి న్యాయం?

నచ్చిన యూనివర్సిటీకి మాత్రం పద్ధతి ప్రకారమే వెళ్లాం. ముందే పేరు నమోదు చేసుకోవాలి, వెళ్లగానే ఫోనులో క్యూఆర్ కోడు చూపించాలి. అలా చేయకుండా ఊరికే తిరిగి వస్తే వారి రికార్డులో మీరు రానట్టే. వెనక్కి నడుస్తూ మాట్లాడే విద్యార్థి గైడు వెంట తిరిగాం, అడ్మిషన్ ఆఫీసువారి ఉపన్యాసం విన్నాం. ఆ ఉపన్యాసాలు ఎక్కడైనా ఒకటే: చిన్న తరగతులు, దగ్గరి ప్రొఫెసర్లు, అర్ధరాత్రి పిజ్జా. మా అమ్మాయి మాత్రం జనం పలచబడ్డాక ఆ ప్రయోగశాల తలుపు తట్టి, లోపల ఉన్న పరిశోధక విద్యార్థితో చాలాసేపు మాట్లాడింది. అది ఏ రికార్డులోకీ ఎక్కలేదు. కానీ తరువాత రాసిన వ్యాసానికి సత్తువంతా అక్కడినుంచే వచ్చింది.

ఈమెయిళ్ల సంగతి వేరే కథ. పదో తరగతిలో పీశాట్ అనే సన్నాహక పరీక్ష రాసినప్పుడు కాలేజీల నుంచి సమాచారం కావాలని గడి నింపితే, ఆ పరీక్ష నడిపే కాలేజ్ బోర్డు దగ్గర పిల్లల పేర్లు కొనుక్కున్న కాలేజీలన్నీ ఉత్తరాలు మొదలుపెట్టాయి. వాటి కోసం మా అమ్మాయి విడిగా ఒక ఈమెయిలు పెట్టుకుని, అటువైపు చూడటమే మానేసింది. స్లేట్ అనే సాఫ్ట్‌వేర్‌ను చాలా అడ్మిషన్ ఆఫీసులు వాడతాయని, పంపిన మెయిలు తెరిచారా, అందులోని లింకు నొక్కారా అన్నది వారికి కనిపిస్తుందని కౌన్సెలర్ చెప్పాక నేను ఆ పాత మెయిళ్లన్నీ తెరవమని వెంటపడ్డాను.

“అమ్మా, నేను మెయిలు తెరిచానని నాకు ఇంజినీరింగ్ వచ్చేస్తుందా?” అంది.

తెరిచింది లెండి. కానీ ఆమె అన్నదే నిజానికి దగ్గర. మెయిళ్లు, ఆన్‌లైను సమావేశాలు చివరి అంచున ఉన్న ఇద్దరిలో ఒకరిని ఎంచవలసి వచ్చినప్పుడు పనికి వస్తాయేమో. అసలు ఆసక్తి కనిపించేది ‘మా కాలేజీయే ఎందుకు’ అన్న చిన్న వ్యాసంలో. కాలేజీ పేరు మార్చి మరో కాలేజీకి పంపడానికి వీలైన వ్యాసమైతే అందులో ఆసక్తి లేనట్టే అని మా కౌన్సెలర్ అంటారు. మా అమ్మాయి రాసిన వ్యాసంలో నల్లగొండ చేతిపంపు ఉంది, ఆ ప్రయోగశాలలో ఫ్లోరైడ్‌ను వడగట్టడానికి వాడుతున్న పదార్థం ఉంది. పేరు మార్చడానికి కుదరదు.

అన్నిటికంటే బలమైన ఆసక్తి మరొకటుంది. దాని పేరు ఎర్లీ డెసిషన్. సాధారణంగా నవంబరు 1 లోపు ఒక్క కాలేజీకే అలా దరఖాస్తు చేస్తారు. సీటు వస్తే చేరతామని విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెడతారు. కాలేజీకి ఇంతకంటే గట్టి హామీ ఏముంటుంది? అందుకే చాలా ప్రైవేటు కాలేజీలు తమ సీట్లలో పెద్ద భాగాన్ని ఇలాగే నింపుకుంటాయి. కానీ ఆ యూనివర్సిటీలో అన్నీ కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతోంది. వారి వెబ్‌సైటులోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో మా ఆదాయం, పొదుపు వేస్తే కొంత సహాయం వస్తుందని చూపించింది గాని అది అంచనా మాత్రమే. సహాయం మరీ చాలకపోతే ఎర్లీ డెసిషన్ నుంచి తప్పుకోవచ్చు. నాలుగు కాలేజీల సహాయం పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూసే అవకాశం మాత్రం పోతుంది. అమ్మాయి వెనుకే మా అబ్బాయి కూడా కాలేజీకి సిద్ధమవుతున్నాడు. మావారూ నేనూ కొన్ని రాత్రులు లెక్కలు వేసుకుని, వద్దనుకున్నాం. మామూలు పద్ధతిలోనే వేస్తే అవకాశం తగ్గుతుందని కౌన్సెలర్ మొహమాటం లేకుండా చెప్పారు. ధర అడగకుండా కొనగలిగినవారి ఆసక్తికే ఇక్కడ ఎక్కువ విలువ అని నాకు ఆ రోజు అర్థమైంది. మా స్నేహితురాలి కొడుకు పరిస్థితి ఇంకా ఇరుకు. వాళ్లు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నారు, పిల్లవాడు వారిమీద ఆధారపడిన హెచ్4 వీసా మీద. ఇక్కడే పెరిగినా ప్రభుత్వ సహాయానికి అర్హత లేదు, చాలా ప్రైవేటు కాలేజీలు అతడిని విదేశీ విద్యార్థిగానే లెక్కిస్తాయి. అతడి ముందు ఆసక్తి మాట ఎత్తడమే బాగుండదు.

ఆ ఏడాది ఫాఫ్సా తోడైంది. ప్రభుత్వ సహాయానికి నింపే ఆ ఫారం ఏటా అక్టోబరు 1న తెరుచుకోవాలి. కొత్త రూపం సిద్ధం కాక 2023 డిసెంబరు ఆఖరున తెరుచుకుంది. మా సమాచారం కాలేజీలకు చేరడం మార్చిలో గాని మొదలు కాలేదు. సహాయం ఎంతో తేలకుండా పిల్లలను చేరమనలేక చాలా కాలేజీలు మే 1 గడువును మే 15కో, జూన్ 1కో జరిపాయి. వెయిట్‌లిస్ట్ కదలికలు కూడా దానితోపాటే వెనక్కి జరిగాయి.

మార్చి చివర ఫలితం వచ్చింది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో అప్పటికే సీటు ఉంది. మరో రాష్ట్రంలోని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ వెయిట్‌లిస్ట్‌లో పెట్టింది. నచ్చిన ప్రైవేటు యూనివర్సిటీదీ అదే మాట. పోర్టల్‌లో ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. చదివి ముగించాక అవును అన్నారో కాదన్నారో తెలియనంత మర్యాద. మా అమ్మాయి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. నేను హైదరాబాదుకు ఫోను చేశాను.

“వెయిటింగ్ లిస్టా? నంబరు ఎంత?” అన్నారు మా అన్నయ్య.

నంబరు లేదన్నయ్యా అంటే ఆయన నమ్మలేదు. నిజానికి మనందరికీ తెలిసిన వెయిటింగ్ లిస్టు రైలుది. 23 అని ఉంటే ముందున్న 22 మంది సంగతి తేలాక మన వంతు. ఇక్కడ వరుస లేదు. ఎక్కువ కాలేజీలు వెయిట్‌లిస్ట్‌కు ర్యాంకులు ఇవ్వవు. మేలో ఎక్కడ ఖాళీ మిగిలిందో చూసుకుని, ఆ ఖాళీకి సరిపడేవారిని తీస్తాయి. ఇంజినీరింగ్ నిండిపోయి సంగీతంలో రెండు సీట్లు మిగిలితే సంగీతం పిల్లలను పిలుస్తారు. ఒహాయో నుంచి చాలామంది చేరి వాయవ్య రాష్ట్రాల నుంచి ఎవరూ రాకపోతే అటువైపు చూస్తారు. మన ముందు ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకే అక్కడ జవాబు లేదు.

అప్పుడు తీశాం సీ2ను. వెయిట్‌లిస్ట్‌లో ఎంతమందిని పెట్టారు, అందులో ఉండటానికి ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమందికి సీటు ఇచ్చారు అన్న మూడు అంకెలు ఉంటాయి అందులో. ఆ యూనివర్సిటీ ఒక ఏడాది వందకు పైగా పిలిచింది, ఇంకో ఏడాది ఒక్కరినీ పిలవలేదు. జాతీయ అడ్మిషన్ కౌన్సెలర్ల సంఘం 2019 నివేదిక ప్రకారం, జాబితాలో ఉంటామన్నవారిలో సగటున 20 శాతానికి సీటు దొరికింది. ఎంపిక కఠినంగా ఉన్న కాలేజీలలో అది 7 శాతమే. మావారు ఆ 7ను ఎర్రరంగులో పెట్టారు. అదే 2019లో మరో మార్పు కూడా జరిగింది. మే 1 దాటాక ఇతర కాలేజీలలో చేరిన పిల్లలను లాగకూడదని ఆ సంఘానికి ఒక నియమం ఉండేది. అమెరికా న్యాయశాఖ అది పోటీని అడ్డుకుంటోందనడంతో దాన్ని తొలగించారు. అప్పటినుంచి కాలేజీలకు తమ దగ్గర చేరేవారి జాబితా ఎప్పుడు గట్టిపడుతుందో తెలియదు. ఒకరు పైకి కదిలితే వారి ఖాళీలోకి ఇంకొకరు, ఆ ఖాళీలోకి మరొకరు. వేసవంతా ఇదే.

పోర్టల్‌లో ‘జాబితాలో ఉంటాను’ అని గడువు లోపు నొక్కాలి, లేకపోతే పేరు తీసేస్తారు. ఆ తరువాత చేయగలిగింది ఒకే ఒక ఉత్తరం, ఇంకా ఆసక్తి ఉందని చెప్పేది. అది వారు వద్దనకపోతేనే. పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ ఉత్తరాలు వద్దు, అదనపు సిఫారసులు వద్దు అని స్పష్టంగా రాసింది కాబట్టి అక్కడ ఫారం నింపి వదిలేశాం. ప్రైవేటు యూనివర్సిటీ ఒక పేజీ రాయమంది. తెలిసినవారు ఒక కన్సల్టెంటు పేరు చెప్పారు. ఆ ఒక్క పేజీకి అతడు అడిగిన సొమ్ముతో హైదరాబాదుకు టికెట్టు వస్తుంది. వద్దన్నాను. సంగతి తెలిసిన పిన్ని ఒకరు, అక్కడ చదివిన డాక్టరు గారి చేత ఫోను చేయిస్తానన్నారు. ఆమెకూ దండం పెట్టాను.

ఉత్తరంలో కొత్త సంగతి ఉండాలి. దరఖాస్తు వేశాక మా అమ్మాయి మా చుట్టుపక్కల బావులున్న ఇళ్లవారిని అడిగి నీటి నమూనాలు తెచ్చి స్కూలు ప్రయోగశాలలో పరీక్షించింది. ఆ ఫలితాలు రెండు వాక్యాల్లో రాసింది. మొదటి సెమిస్టరు మార్కులు కౌన్సెలర్ పంపారు. పేచీ అంతా చివరి వాక్యం దగ్గర వచ్చింది. సీటు ఇస్తే తప్పకుండా చేరతానని రాస్తే, ఆఫీసువారు వెతికేది ఆ మాటేనని కౌన్సెలర్ అన్నారు, నిజమైతేనే రాయమని కూడా అన్నారు.

“సహాయం ఎంతో తెలియకుండా తప్పకుండా అని ఎలా రాస్తాను?” అంది మా అమ్మాయి.

“ముందు సీటు రానీ, తరువాత చూసుకుందాం” అన్నారు మావారు.

“అప్పుడు నేను చేరకపోతే మా స్కూలు మాట నమ్ముతారా నాన్నా? వచ్చే ఏడాది పిల్లల సంగతి?”

ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. మేలో సహాయ నిధి చాలావరకు ఖర్చయిపోయి ఉంటుందని, మామూలుగా సీటు ఇచ్చేటప్పుడు కుటుంబ ఆదాయం చూడని కాలేజీలు సైతం వెయిట్‌లిస్ట్ దగ్గరకు వచ్చేసరికి చూడవచ్చని మావారు చదివారు. షరతు పెడితే పక్కన పెట్టేస్తారని ఆయన భయం. నాకు పిల్ల మాటే సబబుగా అనిపించింది. చివరికి ఆమె రాసింది ఇది: మీరే నా మొదటి ఎంపిక, మీ కాలిక్యులేటర్ చూపిన అంచనాకు దగ్గరగా సహాయం అందితే తప్పకుండా చేరతాను. పంపాక మళ్లీ మళ్లీ మెయిళ్లు పెట్టలేదు. పిల్లల బదులు తల్లిదండ్రులు ఫోను చేస్తే చెడే గాని బాగుపడదని కౌన్సెలర్ గట్టిగా చెప్పి ఉండటంతో నా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

గడువు లోపు ఒహాయో స్టేట్‌లో చేరుతున్నట్టు డబ్బు కట్టేశాం. వెయిట్‌లిస్ట్‌లో ఉంటూ ఇంకొక చోట డిపాజిట్ కట్టడం తప్పు కాదు, అందరూ చేసేదే. రెండు చోట్ల డిపాజిట్లు కట్టడమే తప్పు. అక్కడా ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ఉంది. మా రాష్ట్రం వారికి అప్పట్లో ట్యూషన్ ఏడాదికి 13 వేల డాలర్ల ప్రాంతం. మా అమ్మాయి ఆ ఎర్ర టీషర్టు కొనుక్కుని, గదిలో తోడు ఉండబోయే అమ్మాయితో కర్టెన్ల రంగు గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. పెన్సిల్వేనియా మాట ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

జూన్ మొదట్లో మధ్యాహ్నం పూట ఫోను వచ్చింది. ఆ యూనివర్సిటీ అడ్మిషన్ ఆఫీసు ఆమె. సీటు ఇస్తున్నామని చెప్పలేదు. ఇంకా ఆసక్తి ఉందా, ఇప్పుడు సీటు ఇస్తే వస్తావా అని అడిగింది. అవునన్నవారికే సీటు ఉత్తరం పంపితే ఈల్డ్ దెబ్బతినదు. చాలా చోట్ల ఇదే పద్ధతి. మా అమ్మాయి గొంతు వణుకుతూనే ఉంది గాని, సహాయం వివరాలు చూడకుండా చెప్పలేనంది. అవతలి ఆమె నొచ్చుకోలేదు. ఉత్తరంలో నువ్వు అదే రాశావు, చూశాను అంది. మావారు నా వైపు చూశారు. సహాయం లెక్క పంపిస్తామని, అది అందాక 48 గంటలు వ్యవధి అని చెప్పి పెట్టేసింది.

లెక్క వచ్చింది. కాలిక్యులేటర్ అంచనా కంటే ఏడాదికి 15 వేల డాలర్లు మా మీద ఎక్కువ పడుతోంది. నాలుగేళ్లకు 60 వేలు, అందులో కొంత పిల్ల పేరున అప్పు. సహాయం ఆఫీసుకు ఫోను చేసి అడిగితే ఈ ఏడాది నిధి అయిపోయిందన్నారు. మావారు ఇల్లు తాకట్టు మీద అప్పు తెస్తానన్నారు. మా అమ్మాయి ఆయన ఎక్సెల్ తీసుకుని రాత్రి చాలాసేపు కూర్చుంది. ఒహాయో స్టేట్‌లో చదివి, పీహెచ్‌డీకి ఆ ప్రయోగశాలకే దరఖాస్తు పెట్టుకుంటే ఫీజు వారే భరించి జీతం కూడా ఇస్తారు కదా అని పొద్దున్న కాఫీ దగ్గర చెప్పింది. అప్పటికే నిర్ణయించుకుందని ఆ చెప్పడంలోనే తెలిసింది. మేము ఎదురు చెప్పలేదు.

ఫోను మా అమ్మాయే చేసింది. కృతజ్ఞతలు చెప్పి, రావడం కుదరదంది. అవతలి ఆమె శుభాకాంక్షలు చెప్పింది, కారణం అడగలేదు. మాట్లాడింది నిమిషం కంటే ఎక్కువ ఉండదు. ఆ సీటు కోసం ఆమె వెంటనే పిలవవలసిన పిల్లలు ఇంకా ఉన్నారు మరి.

పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ జాబితా మూసేశామని జూలైలో మెయిలు పంపింది. ఆ వేళకు మా అమ్మాయి మొదటి సెమిస్టరు క్లాసుల టైము టేబులు వేసుకుని, ఉదయం ఎనిమిదింటి కెమిస్ట్రీ ల్యాబును ఎలా తప్పించుకోవాలా అని చూస్తోంది.